వచ్చిన విద్యే అయినా మళ్లీ మొదటి నుంచి: తుపాకి శిక్షణ గురించి

ఒకసారి నేర్చుకున్న తుపాకి విద్య సైకిలు తొక్కడంలాంటిదనీ, ఎన్నేళ్లు గడిచినా అవసరం పడ్డప్పుడు చేతికి దానంతటదే వస్తుందనీ ఒడిశాలో ఆంధ్ర సరిహద్దును ఆనుకుని ఉన్న మా పర్లాకిమిడిలో చాలామంది గట్టిగా నమ్ముతారు. కాలేజీలో ఎన్‌సీసీ యూనిఫాం వేసుకుని పాయింట్ టూ టూ (0.22 అంగుళాల సన్న గొట్టం) రైఫిలుతో నాలుగు గుళ్లు కాల్చినవారు, మిలిటరీలోనో పోలీసులోనో చేసి రిటైరై వచ్చినవారు, తాతల నాటి డబుల్ బ్యారెల్ (రెండు గొట్టాల తుపాకి) ఇంట్లో ఉండగా పెరిగినవారు, లైసెన్సు దరఖాస్తుకు శిక్షణ ధ్రువపత్రం జతచేయాలని ఆఫీసులో గుమాస్తా చెప్పగానే ఇంచుమించు ఒకే మాట అంటారు: "మాకెందుకండీ, మాకు వచ్చు కదా!" ఆ మాటతోనే నా పేచీ. శిక్షణ అవసరం అందరికంటె ఎక్కువగా ఉన్నది ఈ "వచ్చు కదా" అనేవారికేననీ, వాళ్లు వెళ్లి కూర్చోవలసింది ఓనమాల తరగతిలోనేననీ నా అభిప్రాయం. నేనూ ఆ కోవకు చెందినదాన్నే కాబట్టి ఈ మాట అనే చనువు తీసుకుంటున్నాను.

మా నాన్నగారి పేర ఒక 12 బోరు (బోరు అంటే గొట్టం లావు కొలత) డబుల్ బ్యారెల్ తుపాకి ఉంది. 2016 నాటి ఆయుధ నియమావళి ప్రకారం లైసెన్సుదారుకు 70 ఏళ్లు నిండినా, ఆయుధం 25 ఏళ్లుగా ఆయన దగ్గర ఉన్నా, దాన్ని తాను బతికుండగానే చట్టబద్ధ వారసుల్లో ఒకరి పేరుకు మార్పించే దరఖాస్తు పెట్టుకోవచ్చు. నాన్నగారికి డెబ్బై దాటాయి, అన్నయ్యకు ఆసక్తి లేదు, నేను పెడతానన్నాను. ఆడపిల్లకి తుపాకెందుకని మేనత్త దీర్ఘాలు తీసింది గానీ, కాలేజీలో మూడేళ్లూ ఎన్‌సీసీకి పంపించింది తానేనని నాన్నగారు గుర్తుచేయడంతో ఊరుకుంది. వారసులైనా, కొత్తవారైనా దరఖాస్తుతోపాటు ఎస్-1 నమూనాలో శిక్షణ ధ్రువపత్రమూ, మానసిక, శారీరక ఆరోగ్యం బాగుందనీ మత్తు పదార్థాల అలవాటు లేదనీ డాక్టరు ఎస్-3 నమూనాలో ఇచ్చే ధ్రువపత్రమూ పెట్టాలి. శిక్షణలో ఏం చెప్పాలో కూడా నియమావళిలోనే ఉంది: ఆయుధాన్ని, తూటాలను భద్రంగా పట్టుకోవడం, తీసుకెళ్లడం, కాల్చే పద్ధతి, శుభ్రం చేయడం, దాచడం, చట్టంలోని ముఖ్యమైన నిబంధనలు. అలా బరంపురం వైపు జరిగే ఒక శిక్షణలో చేరాను. చెప్పేవారు మిలిటరీలో సుబేదారుగా చేసి వచ్చిన పెద్దాయన. ఒడియా ఆయన మాతృభాష అయినా తెలుగు మనలాగే మాట్లాడతారు.

తరగతిలో సగం మంది తుపాకిని ఎన్నడూ తాకనివారు: ఒక జీడిపప్పు వ్యాపారి, రోడ్ల కాంట్రాక్టరు ఒకాయన, బ్యాంకు గార్డు ఉద్యోగాల కోసం తిరుగుతున్న కుర్రాళ్లు. మిగతా సగం మాబోటి పాతకాపులు. మొదటి రోజు మధ్యాహ్నానికే సుబేదారు గారు ఎవరితో ఎక్కువ కష్టపడుతున్నారో తెలిసిపోయింది. జీడిపప్పు వ్యాపారి, తనకేమీ రాదని తెలుసు గనుక, చెప్పింది చెప్పినట్టు చేశాడు. పాతవాళ్లు ప్రతి దానికీ ఒక సొంత పద్ధతి పట్టుకొచ్చారు. ఆ పద్ధతిలో ఏ భాగం నేర్చుకున్నదో, ఏ భాగం ఏళ్ల తరబడి జ్ఞాపకంలో కల్పించుకున్నదో వాళ్లకే తెలియదు. మరిచిపోయినవాడికి తాను మరిచిపోయిన సంగతి కూడా గుర్తుండదు కదా! ఒకాయన రివాల్వరును బల్ల మీద నుంచి తీస్తూనే చూపుడు వేలును ట్రిగ్గర్ మీదికి పోనిచ్చాడు. అడిగితే, వేలు బయటే ఉందని ఆయన మనస్ఫూర్తిగా నమ్ముతున్నాడు. సుబేదారు గారు ఏమీ అనకుండా ఆ వేలి మీద సుద్దముక్కతో గీత గీసి, మళ్లీ తీయించి, ట్రిగ్గరు మీద అంటుకున్న తెల్లటి సుద్దను ఆయనకే చూపించారు.

మా జిల్లాలో తుపాకి గురించి ప్రశాంతంగా మాట్లాడుకోవడమే కష్టం. 2004 ఫిబ్రవరిలో కొరాపుట్ ఆయుధాగారం మీద, 2006 మార్చిలో మా గజపతి జిల్లాలోనే ఉన్న ఆర్.ఉదయగిరి మీద మావోయిస్టులు చేసిన దాడులను మా తరం మరిచిపోలేదు. ఆ రోజుల తర్వాత తుపాకి అంటే ఒక వైపు దళమూ, ఇంకో వైపు పోలీసూ అన్నట్టుగా స్థిరపడిపోయింది. కొండల మీది సవర పల్లెల్లో పంట కాపుదలకు వాడే మందు దట్టించే తుపాకులు, పట్నంలో పాత కుటుంబాల ఇనప బీరువాల్లో నిద్రపోతున్న 12 బోర్లు, బ్యాంకు ముందు గార్డు భుజాన వేలాడేవి, వీటి గురించి ఎవరూ ఆలోచించరు. ప్రమాదం జరిగిన రోజున మాత్రం పేపర్లో "తుపాకి మిస్‌ఫైర్" అని ఒక ముక్క వస్తుంది. నిజానికి మిస్‌ఫైర్ అంటే ట్రిగ్గరు నొక్కినా పేలకపోవడం. పేలిందంటే అది మిస్‌ఫైర్ కానే కాదు, చాలా సందర్భాల్లో ఎవరి వేలో ఉండకూడని చోట ఉండడం. శిక్షణ పని మొదలు కావలసింది ఆ వేలి దగ్గరే.

ఇక ఎన్‌సీసీ సంగతి. 1948లో చట్టం ద్వారా ఏర్పడిన ఆ సంస్థ మీద నాకు గౌరవమే తప్ప చిన్నచూపు లేదు. చాపమీద బోర్లా పడుకుని, ఊపిరి సగం వదిలి బిగపట్టి, ముందరి గురిపుల్లను వెనుక కన్నం మధ్యలో నిలబెట్టడం నాకు నేర్పింది అదే. అయితే అక్కడ ఫైరింగ్ రేంజిలో క్యాడెట్ తనంతట తాను చేసేది ఏమీ ఉండదు. "భర్" అంటే తూటా నింపాలి, "ఖాలీ కర్" అంటే తీసేయాలి, "జాంచ్ శస్త్ర" అంటే బోల్టు తెరిచి చూపించాలి, హవల్దారు వచ్చి చూసి సరేనన్నాక గానీ లేవకూడదు. రైఫిలు ఆయుధాగారం నుంచి వస్తుంది, సాయంత్రానికి అక్కడికే పోతుంది. తూటాలు లెక్కపెట్టి ఇస్తారు, ఖాళీ డొల్లలు లెక్కపెట్టి తీసుకుంటారు. భద్రత మొత్తం ఆ చుట్టూ ఉన్న ఏర్పాటులో ఉంది. మా పని ఆజ్ఞను పాటించడం. ఇంట్లో బీరువా తెరిచి సొంత తుపాకిని చేతిలోకి తీసుకున్న మనిషికి "ఖాలీ కర్" అని చెప్పే హవల్దారు ఎక్కడున్నాడు? ఆజ్ఞ ఇచ్చేదీ, పాటించేదీ, సరిచూసేదీ తానే. ఈ మూడు పనులనూ ఒక్కడే చేయడం పాత క్యాడెట్టుకైనా, రిటైరైన సిపాయికైనా అలవాటు లేని విద్య. ఏళ్ల తరబడి క్రమశిక్షణలో ఉన్నవాడికి ఇది సులువనుకుంటాం గానీ, ఆ క్రమశిక్షణ ఎప్పుడూ బయటి నుంచి వచ్చినదైతే, ఒంటరిగా ఉన్నప్పుడు దాన్ని మళ్లీ తన లోపల కట్టుకోవలసిందే.

అందుకే సుబేదారు గారు కాల్పుల జోలికి పోకముందే చాలాసేపు ఖాళీ చేయడం ఒక్కటే చేయించారు. పిస్టలైతే ముందు మ్యాగజీను (తూటాలు పేర్చిన పెట్టె) బయటికి తీయాలి, ఆ తర్వాతే స్లైడు (పైన జారే భాగం) వెనక్కి లాగాలి. ఈ వరస తారుమారైతే ఏమవుతుందో ఆయన డమ్మీ (మందు లేని ఉత్తుత్తి) తూటాలతో చూపించారు: మ్యాగజీను లోపలే ఉండగా స్లైడు లాగితే ఛాంబరులోని, అంటే గొట్టం వెనక పేలడానికి సిద్ధంగా ఉండే గదిలోని, తూటా ఎగిరి బల్ల మీద పడుతుంది, చూసినవాడు హమ్మయ్య ఖాళీ అయిందనుకుంటాడు, సరిగ్గా అదే క్షణంలో మ్యాగజీనులోంచి ఇంకో తూటా ఛాంబరులోకి ఎక్కి కూర్చుంటుంది. బల్ల మీద పడిన ఆ ఒక్క తూటా మనిషిని ఎలా మోసం చేస్తుందో చూశాక, "కళ్లతో చూడు, చిటికెన వేలు పెట్టి తడిమి చూడు, తల పక్కకు తిప్పి మళ్లీ చూడు" అని ఆయన ఎందుకు అన్నిసార్లు అంటున్నారో మాలో అందరికీ అర్థమైంది. డబుల్ బ్యారెల్ అయితే పని ఇంకా తేలికనుకుంటాం. మీట తోసి మడత విప్పగానే రెండు ఛాంబర్లూ కనిపిస్తాయి. ఆ తేలికదనమే మా నాన్నగారి తరంవారిని ఏమరుపాటులో పెట్టింది. పైన ఉండే సేఫ్టీ మీటను వాళ్లు దేవుడిలా నమ్ముతారు. చాలా పాత తుపాకుల్లో అది ట్రిగ్గర్లను మాత్రమే అడ్డుకుంటుంది, లోపలి సుత్తిని పట్టుకోదు; నిండుగా ఉన్న తుపాకి చేయిజారి గచ్చుమీద పడితే సేఫ్టీ వేసి ఉన్నా పేలవచ్చు. తుపాకిని ఒకరి చేతిలోంచి ఇంకొకరికి ఇచ్చేటప్పుడు మడత విప్పి ఇవ్వాలనీ, పుచ్చుకునేవారు ఇచ్చినవారి మాట నమ్మకుండా తామే మళ్లీ చూసుకోవాలనీ ఆయన పట్టుబట్టారు. మన ఇళ్లలో ఇది అమర్యాదగా తోస్తుంది. నాన్నగారు "ఖాళీయేనమ్మా" అంటూ ఇచ్చిన తుపాకిని నేను ఆయన ఎదుటే విప్పి చూస్తే ఆయన మొహం కాస్త చిన్నబోయిన మాట నిజం. చిన్నబోనీ.

ప్రపంచంలో ఎక్కడ తుపాకి నేర్పినా ఇప్పుడు వల్లె వేయించే నాలుగు సూత్రాలను ఈ రూపంలో ప్రచారంలోకి తెచ్చినవాడు జెఫ్ కూపర్ అనే అమెరికన్ మెరైన్ మాజీ అధికారి. 1976లో ఆరిజోనాలో పౌరులకు పిస్టలు నేర్పే బడి పెట్టినవాడు. ప్రతి తుపాకీ నిండుగానే ఉందనుకో, నాశనమైనా ఫరవాలేదనుకున్నదాని మీదికి తప్ప గొట్టం మూతి తిప్పకు, గురి కుదిరేదాకా వేలు ట్రిగ్గర్ మీద పెట్టకు, నీ గురి ఏమిటో దాని వెనక ఏముందో తెలుసుకో. ఈ నాలుగూ ఎవరికి రావు? పాఠం అప్పజెప్పమంటే పాతవాళ్లందరం గడగడా అప్పజెప్పాం. అయిదు నిమిషాల తర్వాత, పక్కవాడు పిలిస్తే వెనక్కి తిరిగి చూసే తొందరలో, ఎవరి గొట్టం మూతి ఎవరి మోకాళ్ల మీదుగా తిరిగిందో సుబేదారు గారు పేరుపేరునా చెప్పారు. నాలుగో సూత్రం మన పల్లెలకు మరీ ముఖ్యం. పాయింట్ టూ టూ గుండును పిల్లల గుండు అంటాం గానీ, అడ్డు లేకపోతే అది కిలోమీటరున్నర దాటి పోగలదు. అంత మేరలో మా వైపు ఒక ఊరో, పశువులు కాసేవాళ్లో తప్పకుండా ఉంటారు.

ఇంట్లో ఏళ్ల తరబడి మూలనున్న తుపాకి సంగతి వేరే చెప్పాలి, ఎందుకంటే శిక్షణకు తిరిగి వచ్చేవారిలో చాలామందికి ఇంటి దగ్గర ఎదురుచూసేది అలాంటిదే. రెండు గొట్టాలనూ వెలుతురు వైపు పెట్టి చూడకుండా దానిలో తూటా పెట్టకూడదు. మన వానాకాలానికి తుప్పు పట్టడం ఒక సంగతి. మట్టి గూడు కట్టే కందిరీగ సంగతి ఇంకా ఘోరం. చిటికెన వేలు పట్టే ఏ కన్నం దొరికినా అది తడిమట్టితో గూడు కట్టేస్తుంది, 12 బోరు గొట్టం దానికి రాజభవనం. నాన్నగారి తుపాకి ఎడమ గొట్టంలో, మూతికి జానెడు లోపల, ఎండిన మట్టి ఉండ ఒకటి కనిపించింది. ఇత్తడి బ్రష్షుతో తోస్తే గూటి తునకలు, లోపలి సాలెపురుగుల డొల్లలు రాలాయి. దాన్ని అలాగే ఉంచి కాల్చి ఉంటే వెనకాల పుట్టిన ఒత్తిడికి గొట్టం చీలిపోయే ప్రమాదం ఉండేది, ఎడమచేయి పట్టుకుని ఉండేది ఆ గొట్టాల కిందే. తూటాల విషయంలోనూ ఇలాంటి చిక్కులే ఉన్నాయి. కొన్ని పాత తుపాకుల ఛాంబరు 65 మిల్లీమీటర్లకు చేసింది. ఇప్పుడు ఎక్కువగా దొరికేవి 70 మిల్లీమీటర్ల తూటాలు. లోపల పట్టినట్టే ఉంటుంది గానీ, పేలాక తూటా మూతి విచ్చుకోవడానికి చోటు చాలక ఒత్తిడి పెరుగుతుంది. అంతకంటె సన్నటి 20 బోరు తూటా పొరపాటున 12 బోరులో పడితే జారి ముందుకు పోయి గొట్టంలో ఇరుక్కుంటుంది. ఛాంబరు ఖాళీగా కనిపించి వెనక 12 బోరు తూటా పెట్టామంటే ఇక చెప్పనక్కర్లేదు. ఈ సంగతులు ఎన్‌సీసీలో ఎవరూ చెప్పరు, చెప్పవలసిన అవసరమూ అక్కడ లేదు.

కాల్చడం దగ్గరికి వచ్చాక పాత విద్యార్థికి ఎదురయ్యే మొదటి శత్రువు వయసు. తుపాకి గురి పెట్టేటప్పుడు కంటికి స్పష్టంగా కనిపించవలసింది ముందరి గురిపుల్ల. దూరాన ఉన్న టార్గెట్ కాస్త మసకబారినా ఫరవాలేదు. ఇరవై ఏళ్ల వయసులో ఈ మాట చెబితే కన్ను వెంటనే విన్నది. నలభై దాటి చత్వారం వచ్చాక అదే గురిపుల్ల ఉన్న దూరంలోనే చూపు తప్పిపోతుంది. కింద చదువుకునే అద్దం ఉన్న కళ్లజోడు పెట్టుకుంటే గురిపుల్ల కోసం తల పైకెత్తాలి, తల ఎత్తితే దవడ తుపాకి వెనక కర్ర మీద నుంచి లేచిపోతుంది, దవడ లేస్తే గురి మొత్తం మారుతుంది. మాలో ఒక రిటైర్డ్ పోలీసాయన దీనికి తుపాకిని తిట్టారు, తూటాను తిట్టారు, ఎండను తిట్టారు. సుబేదారు గారు ఆయన్ను కళ్ల డాక్టరు దగ్గరికి వెళ్లి, గురిపుల్ల ఉండే దూరాన్ని టేపుతో కొలిచి చెప్పి, ఆ దూరానికి సరిపడే అద్దం రాయించుకోమన్నారు. ఇంత ఉపయోగకరమైన సలహా నేనింకెక్కడా వినలేదు.

రెండోది ఉలికిపాటు. పాయింట్ టూ టూకు వెనక్కి తన్నడం అనేది ఇంచుమించు లేదు. 12 బోరు భుజాన్ని గట్టిగా తంతుంది. ఒకసారి తన్నిన తర్వాత, రెండో గుండుకు ముందే ఒళ్లు దానికి సిద్ధపడి, ట్రిగ్గరు నొక్కే క్షణంలోనే భుజాన్ని ముందుకు తోస్తుంది, కళ్లు మూసుకుంటుంది. ఈ జబ్బు ఉన్నదని ఒప్పుకునేవారు లేరు, ఎందుకంటే పేలుడు హడావిడిలో ఎవరికీ కనిపించదు. దానికి మందు చాలా సులభమైనది: మనకు తెలియకుండా మాస్టారు నిజమైన తూటాల మధ్య ఒక డమ్మీ పెట్టి ఇస్తారు. ట్రిగ్గరు నొక్కుతాం, పేలదు, "టక్" మని చప్పుడు. ఆ నిశ్శబ్దంలో గొట్టం మూతి జానెడు కిందికి పడిపోవడం అందరికీ కనిపిస్తుంది. జీడిపప్పు వ్యాపారి నవ్వేసి మళ్లీ ప్రయత్నించాడు. పాతవాళ్లకు అది సులువుగా మింగుడుపడలేదు, ఒకాయనైతే డమ్మీ పెట్టడం మోసమని వాదించారు. ఈ అభ్యాసం ఒక్కటి చేయించని శిక్షణకు నేను సగం మార్కులే వేస్తాను, అక్కడ ఎన్ని తూటాలు కాల్పించినా సరే. చెవులకు మఫ్‌లు పెట్టించకపోతే ఆ సగం కూడా వేయను: తుపాకి చప్పుడు 140 డెసిబెల్స్ పైమాటే, అలా పోయిన వినికిడి తిరిగి రాదు.

అమెరికాలో అయితే వారాంతపు కోర్సుల్లో ఒక్కొక్కరు వందల కొద్దీ తూటాలు కాలుస్తారు. మనకు ఆ దారి లేదు, అక్కర్లేదు కూడా. లైసెన్సులో ఎన్ని రాస్తే అన్నే తూటాలు, వాటి ధర చూస్తే గుండె గుభేలుమంటుంది. కాబట్టి మన శిక్షణకు బలం ఖాళీ తుపాకితో చేసే సాధనలోనే ఉండాలి: తీయడం, విప్పడం, చూడడం, గురి పెట్టడం, ట్రిగ్గరును మెల్లగా నొక్కడం, మళ్లీ విప్పడం. (పాత డబుల్ బ్యారెల్‌ను ఊరికే టకటకలాడిస్తే లోపలి పిన్నులు విరుగుతాయి, డమ్మీ తూటా పెట్టి చేయాలి.) తర్వాత ఎయిర్ రైఫిలు ఉండనే ఉంది. గొట్టం లోపలి కొలత 0.177 అంగుళాలు, శక్తి 20 జౌల్స్ మించనిదానికి లైసెన్సు అవసరం లేదు. ఒలింపిక్స్‌లో 10 మీటర్ల దూరం నుంచి కొట్టే పది పాయింట్ల చుక్క అర మిల్లీమీటరు. 2008లో బీజింగ్‌లో అభినవ్ బింద్రా స్వర్ణం, 2012లో లండన్‌లో మన హైదరాబాదు గగన్ నారంగ్ కాంస్యం గెలిచింది ఈ దూరంలోనే. అది పిల్లల ఆట వస్తువని కొట్టిపారేసేవాళ్లు ఒకసారి ఆ చుక్కను దగ్గరగా చూడాలి. పాత విద్యార్థి ఏడాది పొడుగునా చేతిని, కంటిని సాధనలో ఉంచుకోవడానికి ఇంతకంటె చవకైన మార్గం లేదు.

చట్టం గురించి చెప్పే పూట తరగతిలో సగం మంది కునుకు తీస్తారు. అది నిద్రపోవలసిన పాఠం కానే కాదు. పంట కాపుదలకు తుపాకి లైసెన్సు ఉంటే అడవిపందిని కాల్చవచ్చని మా తరగతిలో ఇంచుమించు అందరూ అనుకున్నారు. 1972 నాటి వన్యప్రాణి సంరక్షణ చట్టం దానికి వేరే అనుమతి అడుగుతుంది, ఆయుధ లైసెన్సు ఆ అనుమతి కాదు. పెళ్లి ఊరేగింపులో గాలిలోకి కాల్చి మనుషుల ప్రాణాల మీదికి తెస్తే, 2019 సవరణ తర్వాత రెండేళ్ల వరకు జైలు, లేదా లక్ష రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఆ సవరణతోనే ఒక మనిషి ఉంచుకోదగిన తుపాకులు మూడు నుంచి రెండుకు తగ్గాయి, లైసెన్సు గడువు మూడేళ్ల నుంచి ఐదేళ్లకు పెరిగింది. ఆత్మరక్షణ హక్కు సెక్షన్లు కూడా మారాయి: 2024 జూలై 1 నుంచి అమల్లో ఉన్న భారతీయ న్యాయ సంహితలో అవి 34 నుంచి 44 వరకు ఉన్నాయి. పదేళ్ల కిందట శిక్షణ పొందినవారికి ఇందులో చాలా భాగం తెలియదు. మా సరిహద్దువాళ్లకు ఇంకో చిక్కు ఉంది. కూరగాయలకైనా, సినిమాకైనా పక్కనే ఆంధ్రలో ఉన్న పాతపట్నం వెళ్లివచ్చే మాకు మధ్యలో రాష్ట్రం మారిన సంగతే గుర్తుండదు. లైసెన్సులో అది ఎంతమేర చెల్లుతుందో రాసి ఉంటుంది. ఒడిశా వరకే అని ఉంటే, తుపాకి కారులో పెట్టుకుని పాతపట్నం బంధువుల ఇంటికి వెళ్లడం నేరమే.

భాష విషయం కూడా ఇక్కడే చెప్పాలి. ఆజ్ఞలు హిందీలో, పాఠం ఒడియాలో, కాగితాలు ఇంగ్లీషులో ఉండే తరగతిలో తెలుగు, సవర మాట్లాడేవాళ్లు కూర్చుని తలలూపుతారు. మా సుబేదారు గారు రెండు భాషల్లో చెప్పగలిగినవారు కాబట్టి సరిపోయింది, అందరికీ అలాంటివారు దొరకరు. తుపాకి చేతిలో ఉన్నవాడు "ఆపు" అన్న మాటను మనసులో తర్జుమా చేసుకునే తీరికలో ఉండకూడదు.

శిక్షణ లైసెన్సుదారుకు ఒక్కడికే చాలదని కూడా నాకు అనిపిస్తుంది. తుపాకితో కలిసి బతికేది ఇంటిల్లిపాదీ. మా అమ్మ ఇన్నేళ్లూ ఆ బీరువా పక్కనే పడుకుంది. దాన్ని ముట్టుకోవద్దన్న మాట తప్ప ఆమెకు ఎవరూ ఏమీ చెప్పలేదు. కాల్చడం నేర్పనక్కర్లేదు, పాఠం చెప్పే పూటకైనా ఇంట్లోవాళ్లను రానివ్వాలి. పిల్లలకు కనబడితే ఏం చేయాలి, తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలి, తూటాలు వేరే చోట ఎందుకు పెట్టాలి, మద్యం తాగి వచ్చిన మనిషి బీరువా వైపు నడిస్తే ఎవరిని పిలవాలి అన్నవి ఇంటి విషయాలు, రేంజి విషయాలు కావు.

ఇదంతా ఖర్చుతో కూడిన పని అనీ, బరంపురం దాకా మళ్లీ మళ్లీ ఎవరు పోతారనీ నాతో వాదించినవారున్నారు. వాళ్ల మాటలో న్యాయం ఉంది. ఆర్.ఉదయగిరి కొండల మీద నుంచి వచ్చే రైతుకు ఒక రోజు కూలి, బస్సు చార్జీ తక్కువ భారం కాదు. లైసెన్సు పునరుద్ధరణకు వచ్చేవాళ్లలో శిక్షణ వైపు తిరిగి చూసినవారిని నేనైతే చూడలేదు, బలవంతం చేస్తే కాగితం కొనుక్కునే దారులు పుట్టుకొస్తాయి. అందుకని నాకు తోచిన దారి ఒకటి ఉంది. ఎన్నికలు వచ్చినప్పుడల్లా లైసెన్సుదారులు చాలామంది తుపాకులను పోలీసు స్టేషనులో అప్పజెప్పి, ఫలితాలు వచ్చాక వెళ్లి తెచ్చుకుంటారు. శాసనసభకో, పంచాయతీలకో, ఏదో ఒక ఎన్నిక ఎలాగూ వస్తూనే ఉంటుంది. తెచ్చుకునే ఆ రోజు అందరూ తమంతట తామే, తమ తుపాకి కోసం, తమ ఖర్చుతో స్టేషనుకు వస్తారు. అక్కడే ఒక బల్ల, కొన్ని డమ్మీ తూటాలు, గొట్టం తుడిచే కడ్డీ, తెలిసిన మనిషి ఒకరు, గంటసేపు: తన తుపాకిని తానే విప్పి, చూసి, తడిమి, గొట్టంలోంచి వెలుతురు చూపించి, ఖాళీ అని నిరూపించిన తర్వాతే రిజిస్టరులో సంతకం పెట్టించుకుని ఇవ్వాలి. చేయలేనివారికి మళ్లీ చూపించి, మళ్లీ చేయించాలి. కొత్త చట్టం కూడా అక్కర్లేదు, జిల్లా స్థాయిలో అనుకుంటే జరిగే పని. ఈ సంగతిని కలెక్టరేటులో ఆయుధ లైసెన్సులు చూసే విభాగానికి అర్జీగా రాస్తున్నాను, ఒడియాలో ఒక ప్రతి, తెలుగులో ఒక ప్రతి. సవర భాషలో బల్ల దగ్గర చెప్పగలిగేవారు ఇద్దరు ముగ్గురు కావాలని అందులో చివరి అంశంగా చేర్చాను.